ఉలవ తిన్న ఎద్దులు, బస్తా దాణా తినే ఆవులు: మన తాండాల మేత చరిత్ర

పోస్టు పెద్దది. మెస్సు లైన్లో నిలబడి కాకుండా, రాత్రి తీరిగ్గా చదవండి.

మేము నలుగురం ఒకే రూములో ఉంటాము. ఒకరిది హిందూపురం వైపు, ఇద్దరిది పెనుకొండ వైపు, ఒకరిది ధర్మవరం వైపు. ముగ్గురం సుగాలీలం, ఒకరు ఎరుకల. మా నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

మొన్న దసరా సెలవులకి ఇళ్లకు పోయినప్పుడు మాలో ఒకరి ఇంట్లో ఆవు లేదు. అమ్మేసినారు. రోగం వచ్చి కాదు, పాలు ఇవ్వక కాదు. దాణా కొనలేక అమ్మేసినారు. అరుగు మీద కూర్చున్న తాత ఒకే మాట అన్నాడు: "మా తాత కాడ ముప్పై ఎద్దులుండె. ఒక్కదానికన్నా దాణా కొన్నోడు కాదు."

ఆ మాట మాతోపాటు హాస్టల్‌కి వచ్చేసింది. ముప్పై ఎద్దులను కొనకుండా మేపిన ఇంట్లో ఈరోజు ఒక్క ఆవుని ఎందుకు మేపలేకపోతున్నాము? తాత గొప్పలు చెప్పుకుంటున్నాడా, లేక మధ్యలో ఏదైనా జరిగిందా? లైబ్రరీలో దొరికింది చదివినాము, ఇళ్లల్లో పెద్దోళ్లను ఫోన్లో అడిగినాము. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

ఆ ఎద్దులు ఎందుకుండె

మన సుగాలీలకు లదేణి అంటే తెలుసు కదా. ఎద్దుల మీద గోనెలు వేసుకుని ధాన్యం, ఉప్పు ఒక సీమ నుంచి ఇంకో సీమకు తోలుకుపోయే వ్యాపారం. రోడ్లు, బండ్లు సరిగా లేని కాలంలో దక్కనులో సరుకు కదిలింది మన ఎద్దుల వీపు మీదనే. సేవాలాల్ మహారాజ్ 1739లో గుత్తి దగ్గర పుట్టినారని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆయన కూడా పశువులు తోలినవారే.

రాజుల యుద్ధాలకు కూడా మన ఎద్దులే కావాల్సి వచ్చింది. 1791-92లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదకు పోయినప్పుడు ఇంగ్లీషు సైన్యానికి గింజలు చేరవేసింది బంజారాలు. 1803లో మరాఠాల మీదకు పోయిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా వాళ్ల మీదనే ఆధారపడినాడు. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో "బ్రింజారీ" అని కనిపించేది మనమే. హిందూపురాన్ని గుత్తి పాలకుడు మురారి రావు కట్టించి, తన తండ్రి హిందోజీ రావు పేరు పెట్టినాడని చెబుతారు. ఆయనది గుర్రాల సైన్యం. మన మూడు ఊర్ల చుట్టూ ఆ కాలంలో తిరిగిన గుర్రాలకూ ఎద్దులకూ తిండి ఎక్కడి నుంచి వచ్చింది అన్నది మన పాఠం పుస్తకంలో లేదు. యుద్ధం తేదీ ఉంటుంది, గెలిచినోని పేరు ఉంటుంది, గుర్రం ఏం తిన్నదో ఉండదు.

అది తిన్నది ఉలవలు. ఇంగ్లీషులో ఉలవల పేరే "గుర్రపు గింజ" అని అర్థం వచ్చేట్టు ఉంటుంది. హిందూపురం దాటితే కన్నడ సీమలో హురళి అంటారు. 1800-01లో మైసూరు రాజ్యం అంతా తిరిగి చూసిన ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టరు అక్కడి సేద్యం గురించి రాసినదాంట్లో ఈ పంట మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒకటి నిజాయితీగా చెప్పాలి. లదేణి ఎద్దులకు రోజూ ఉలవలు పెట్టలేదు. నడిచేటప్పుడు దారి పొడుగునా, కొండల్లో, బీళ్లల్లో మేసేవి. అందుకే మన రవాణా అంత చవకగా ఉండె. బరువు పని ఉన్నప్పుడు, ఎండాకాలంలో పచ్చిక లేనప్పుడు ఉలవలు. అంటే మన పశువుకి రెండు కంచాలు. ఒకటి కొండ, రెండోది చేను. తాత చెప్పిన ముప్పై ఎద్దులు ఈ రెండు కంచాల్లో తిన్నాయి.

ఉలవలో ఏముంది

మాలో ఒకరు బీఎస్సీ. ఈ భాగం ఆ రూమ్మేట్ చెప్పింది.

పశువు పొట్టలో గడ్డిని అరిగించేది పశువు కాదు, దాని పెద్ద పొట్టలో ఉండే కోట్ల సూక్ష్మజీవులు. వాటికి మాంసకృత్తులు కావాలి. మొత్తం మేతలో మాంసకృత్తులు 7 శాతం కంటే తగ్గితే అవి బలహీనపడతాయి, గడ్డి అరగదు, పశువు తినడమే తగ్గిస్తుంది. వరిగడ్డిలో ఉండేది 3, 4 శాతం. జొన్న సొప్పలో 4, 5. అందుకే వామి నిండా గడ్డి ఉన్నా ఎద్దు ఎముకలు తేలి ఉంటుంది. గడ్డితోపాటు పప్పుజాతి మేత కొంచెం పడితే ఆ గడ్డే ఒంటికి పడుతుంది. వేరుశనగ కట్టెలో 8 నుంచి 10 శాతం ఉంటుంది. ఉలవ గింజల్లో సుమారు 22, నూనె తీసిన వేరుశనగ చెక్కలో 45 దాకా.

పప్పుజాతి మొక్కలకు ఇంత ఎక్కడి నుంచి వస్తుందంటే, వాటి వేర్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. ఎరువు కొనే పని లేదు. మన ఎర్రనేల పలుచన, ఏడాదికి వాన 550 మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడు పడుతుందో తెలీదు. ఇట్లాంటి నేలలో, ముంగారు పోయి వాన ఆలస్యంగా వచ్చినా, ఆగస్టు తర్వాత ఒక్క పదునుకు చల్లితే మంచుకి కూడా బతికే పంట ఉలవ. పచ్చి గింజ సరిగా అరగదు. నానబెట్టాలి, లేదా ఉడకేసి గుగ్గిళ్లు చేయాలి. ఎద్దుల కోసం ఉడకేసిన ఆ నీళ్లనే మనుషులు చారు పెట్టుకున్నారు. అదే ఉలవచారు. అంటే ఎద్దుకి పెట్టినది మనమూ తిన్నాము, మనం తిన్నదే ఎద్దూ తిన్నది.

మొదటి కంచం పోయింది

1876-78 కరువు మన పెద్దోళ్ల కథల్లో ఇంకా ఉంది. అప్పుడు మన ఊర్లన్నీ బళ్లారి జిల్లాలో ఉండె. మద్రాసు రాష్ట్రంలో అన్నిటికంటే ఘోరంగా దెబ్బ తిన్న జిల్లాల్లో అదొకటి. మనుషుల కంటే ముందు పశువులు పోయినాయి. ఎద్దు పోతే లదేణి పోయినట్టే.

కరువు పోయినాక కొండ మూసుకుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు ఫారెస్టు అని రాళ్లు పాతినారు. మేపుకోవాలంటే రుసుము కట్టాలి, లేకుంటే పశువును బందెలదొడ్డికి తోలతారు. అదే సంవత్సరం అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపోయింది. 1890లలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు రైలు పడింది. నూరు ఎద్దులు వారం రోజులు మోసే ఉప్పును రైలు ఒక రాత్రిలో తెచ్చేది.

మా రూములో ఉన్న ఎరుకల తమ్ముడు ఇక్కడ ఒక మాట చేర్చమన్నాడు. ఎరుకల వాళ్లూ ఉప్పు, ధాన్యం వ్యాపారం చేసినవాళ్లే. గాడిదల మీద, ఎద్దుల మీద తోలేవాళ్లు. రైలు, ఉప్పు మీద సర్కారు పట్టు, అడవి చట్టాలు, ఈ మూడూ కలిసి వాళ్ల బతుకుదెరువు ఎట్లా తెంచినాయో మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన "డిసానర్డ్ బై హిస్టరీ" అనే పుస్తకంలో వివరించినారు. బతుకుదెరువు పోయినవాళ్లకు సర్కారు పెట్టిన పేరు "నేరస్థ తెగ". 1871 నాటి ఆ చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చి ఎరుకలను ఆ జాబితాలో రాసినారు. దేశం మొత్తం మీద ఆ చట్టం 1952లో రద్దయింది. చదువుకునే మనకు ఇప్పటికీ అప్పుడప్పుడు తగిలే చూపు ఎక్కడ పుట్టిందో దీన్ని బట్టి తెలుస్తుంది. ముందు మన పశువు మేత తీసేసినారు, తర్వాత మన పేరు తీసేసినారు.

లేపాక్షి బసవన్నను చూసేదానికి బస్సులు నిండి వస్తాయి. మేమూ స్కూల్లో ఉన్నప్పుడు టూరు పోయినాము. ఈ సీమకు ఉప్పు మోసిన ఎద్దు గురించి మాత్రం ఎక్కడా ఒక బోర్డు కనిపించలేదు.

రెండో కంచంలోకి బుడ్డలు వచ్చినాయి

తాండాలు ఒకచోట నిలిచినాక మనవాళ్లు సేద్యం పట్టినారు. తర్వాత కాలంలో కొందరికి డీకేటీ పట్టాలు వచ్చినాయి. రెండెకరాలు, మూడెకరాలు, ఎక్కువగా గుట్ట పక్క గులకరాళ్ల నేల. అందులో జొన్న, కొర్ర, సజ్జ, వాటి సాళ్ల మధ్య కంది, అనుము, అలసంద, చివర్లో ఉలవ. మనిషికి గింజ, పశువుకి సొప్ప, పొట్టు, కట్టె. ఇది మా అవ్వలు స్వయంగా చూసిన సేద్యం.

బుడ్డలు, అదే వేరుశనగ, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. ఇంగ్లీషు కాలంలో మద్రాసు రాష్ట్రం నుంచి ఓడల్లో ఫ్రాన్సులోని మార్సెయిల్స్ నూనె మిల్లులకు పోయేది. చెక్క కూడా ఐరోపా పశువుల దాకా పోయేది. చూడండి, 45 శాతం మాంసకృత్తులున్న మేత మన నేలలో పండి వేరే దేశం ఆవు పొట్టలోకి పోయింది.

మన జిల్లాలో బుడ్డలు విపరీతంగా పెరిగింది స్వాతంత్ర్యం తర్వాత. తిండివనం నుంచి 1940లో వచ్చిన టీఎంవీ 2 రకం ఇక్కడ పాతుకుపోయింది. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టినాక ధర నిలబడింది. రైతు చేతికి ఒకేసారి డబ్బు వచ్చే పంట ఇదొక్కటే అయింది. 2000 తర్వాతి ఏళ్లలో పాత అనంతపురం జిల్లాలో ఇది 7, 8 లక్షల హెక్టార్ల దాకా పోయింది. సాళ్ల మధ్య కంది ఒక్కటే మిగిలింది. అనుము, అలసంద, ఉలవ, జొన్న ఒక్కొక్కటే జరిగిపోయినాయి.

బుడ్డలను తిట్టడం న్యాయం కాదు. అదీ పప్పుజాతే. వాన పోయి కాయ రాకపోయినా కట్టె చేతికొస్తుంది, దాంతో పశువు బతుకుతుంది. "కాయ దేవునికి, కట్టె ఎనుముకి" అని మా పెనుకొండ వైపు ఒక పెద్దాయన నవ్వుతూ అన్నాడు. ఎన్ని కరువులు వచ్చినా మనవాళ్లు బుడ్డలు వదలకపోవడానికి ఒక కారణం ఈ కట్టె.

తప్పు బుడ్డలది కాదు. అన్నీ ఒకే గంపలో పెట్టడంలో ఉంది. 1994 తర్వాత బయటి దేశాల పామాయిల్ తేలిగ్గా రావడం మొదలైంది, బుడ్డల ధర అప్పటి నుంచి నిలకడగా లేదు. కరువులో పండిన కాయకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఈ విషం సంగతి లోకానికి తెలిసింది కూడా మేత వల్లనే. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క కారణమని తేలింది. బూజు పట్టిన చెక్క ఆవుకి పెడితే ఆ విషం పాలల్లోకి కూడా వస్తుంది. మన ఇళ్లల్లో ఈ సంగతి ఎవరికీ చెప్పినవాళ్లు లేరు.

2000 సంవత్సరం

మేము పుట్టక ముందు జరిగింది ఇది. అమ్మానాన్నలను అడగండి, అందరికీ గుర్తుంటుంది. ఆ ముంగారులో పైరు బాగా లేచి, ఉన్నట్టుండి చిగుర్లు మాడి, కాడలు నల్లబడి చచ్చిపోయింది. కాండం కుళ్లు వైరస్ తెగులు. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పాకింది. నష్టం 300 కోట్ల పైన అని లెక్క కట్టినారు. వాన పోయిన ఏడాదికీ దీనికీ తేడా ఏమంటే, ఈసారి కట్టె కూడా రాలేదు. మొక్కే చచ్చింది. కాయ పోయింది, మేతా పోయింది.

ఆ వైరస్ ఎట్లా వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. బీళ్లల్లో, దారుల పక్కన పెరిగే వయ్యారిభామ పూల పుప్పొడిలో అది ఉంటుంది. తామర పురుగులు దాన్ని బుడ్డల ఆకుకి చేరుస్తాయి. శాస్త్రవేత్తలు చెప్పిన మందుల్లో ఒకటి వయ్యారిభామను పీకేయడం. ఇంకొకటి చేను చుట్టూ నాలుగైదు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ వేయడం. ఎత్తుగా ఉండే ఆ సాళ్లు పురుగుని అడ్డుకుంటాయి. అంటే మనం ఏ జొన్నను చేనులోంచి పంపేసినామో, ఆ జొన్ననే గట్టు మీదకు మళ్లీ పిలవాల్సి వచ్చింది.

తర్వాత జరిగిన మంచి

ఆ దెబ్బ తర్వాత కొన్ని మంచి పనులు జరిగినాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఐసీజీవీ 91114 అనే వేరుశనగ రకాన్ని అనంతపురం రైతుల చేలల్లోనే వేయించి చూసినారు. త్వరగా కోతకొస్తుంది, బెట్టకు తట్టుకుంటుంది. రైతులు ఇష్టపడిన ఇంకో కారణం కట్టె. ఆ కట్టె తిన్న ఆవులు సుమారు పదో వంతు ఎక్కువ పాలిచ్చినాయి. కొత్త విత్తనం అంటే ఎన్ని క్వింటాళ్లు అని మాత్రమే అడిగే కాలంలో, పశువు ఏమంటుంది అని కూడా అడిగిన పని ఇది.

పెనుకొండకు ధర్మవరానికి మధ్య చెన్నేకొత్తపల్లిలో 1990 నుంచి టింబక్టు కలెక్టివ్ పనిచేస్తోంది. వాళ్ల ధరణి సహకార సంఘం రైతులతో చిరుధాన్యాలు, పప్పులు కలిపి వేయించి కొంటోంది. రాష్ట్ర ప్రభుత్వ ప్రకృతి సేద్యం కార్యక్రమంలో వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం చూసే ఉంటారు. పీఎండీఎస్ అంటారు. జొన్న, సజ్జ, అలసంద, ఉలవ, జనుము అన్నీ కలిపి చల్లి, పచ్చగా ఉన్నప్పుడు కోసి పశువుకి వేయొచ్చు. మా అవ్వకి ఫోటో చూపిస్తే "ఇదేమన్నా కొత్తదా?" అన్నది.

అమ్మ వేసిన లెక్క

ఇంతా చదివి, ఇంటికి ఫోన్ చేసి "నాయనా, అరెకరం ఉలవలు ఏసి ఆవుకి పెడదాం" అని చెప్పినాము. అమ్మ ఫోన్ తీసుకుని మా గాలి తీసేసింది.

అమ్మ లెక్క ఇది. ఆవు రోజుకి ఆరు లీటర్లిస్తే మూడు కిలోల దాణా కావాలి. 50 కిలోల బస్తా 16 రోజులు వస్తుంది. ఆ 16 రోజుల పాలు 96 లీటర్లు, లీటరు 30 చొప్పున 2,880 రూపాయలు. బస్తా 1,300. అంటే ఇంచుమించు సగం బస్తాకే పోతుంది. ఇక ఉలవలు. ఎకరాకి రెండు క్వింటాళ్లు వస్తే బాగా వచ్చినట్టే, అరెకరానికి ఒకటి. ఆ క్వింటాలు దాణా బదులు పెడితే రెండు బస్తాలు, అంటే 2,600 మిగులుతుంది. అదే సంతలో అమ్మితే అంతకంటే చాలా ఎక్కువ వస్తుంది. టౌన్ హోటళ్లలో ఉలవచారు బిర్యానీ తినేవాళ్లున్నారు కదా. "ఆవుకి పెట్టేదానికంటే అమ్ముకునేది మేలు. పైగా పొయ్యి ఎలిగిచ్చి రోజూ ఉడకేసేది ఎవురు? నువ్వు హాస్టల్లో ఉంటివి."

నిజమే. ఎద్దు తిండి ఇప్పుడు ఆవుకి అందనంత ఖరీదైంది. గుగ్గిళ్లు ఉడకేసిన చేతులన్నీ ఆడవాళ్లవే అన్న సంగతి కూడా మా చరిత్రలో మేము మర్చిపోయినాము.

కానీ అమ్మ అంతటితో ఆపలేదు. గింజ అమ్ముకుందాం, పొట్టు, కట్టె ఆవుకి పెడదాం అన్నది. బావి కింద రెండు సెంట్లలో జొన్న, అలసంద కలిపి పచ్చిమేత వేద్దాం, గట్టు మీద నాలుగు అవిశ చెట్లు పెడదాం, బుడ్డల మధ్య కందితోపాటు అనుము కూడా వేద్దాం అన్నది. జొన్న తప్ప అన్నీ పప్పుజాతి, అన్నీ మన నేలవి. దాణా పూర్తిగా మానం, సగం చేస్తాం. 16 రోజుల బస్తా నెల వచ్చినా, నెలకి 1,300 ఇంట్లో ఉంటుంది. మా నలుగురిలో ఎవరినడిగినా చెబుతాం, ఆ 1,300 అంటే ఒక పరీక్ష ఫీజు.

దాణా బస్తాలో ఉండేది ఎక్కడెక్కడి సోయా, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న. 2021లో మన దేశంలో సోయా చెక్క ధర మండిపోయి, 12 లక్షల టన్నులు బయటి నుంచి తెప్పించుకునేదానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. ఎక్కడో సోయా ధర పెరిగితే మన తాండాలో ఆవు సంతకు పోతుంది. సొంత చేనులో కొంచెమైనా మేత ఉన్న ఇల్లు ఆ దెబ్బకి కొంత నిలబడుతుంది.

కాబట్టి తాత గొప్పలు చెప్పలేదు. ఆయన తాతకు రెండు కంచాలుండె. కొండను చట్టం తీసుకుంది. చేనును ఒక్క పంట తీసుకుంది, దానికి మనమూ ఒప్పుకున్నాము. కొండ సంగతి పెద్ద పోరాటం. చేను మాత్రం ఇంకా మన పేరు మీదనే ఉంది.

సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు ఒక్క పని చేయండి. ఇంట్లో పెద్దోళ్లను మూడు ప్రశ్నలు అడగండి: మీ చిన్నప్పుడు పశువులకి ఏమేం పెట్టేవాళ్లు? ఆ పంట మన చేనులో చివరిసారి ఎప్పుడు వేసినారు? ఆ విత్తనం ఇప్పుడు ఎవరింట్లో అయినా ఉందా? వాళ్లు చెప్పినట్టే, వాళ్ల మాటలోనే రాసి ఇక్కడ పెట్టండి. గోర్ బోలీలో చెబితే తెలుగు అక్షరాల్లో అట్లానే రాయండి, ఎరుకల భాషలో చెప్పినా అంతే. విత్తనం ఉంటే గుప్పెడు తీసి పెట్టండి. ముంగారు లోపల ఎవరికి ఏది కావాలో ఈ గ్రూపులోనే పంచుకుందాం.

ఆవు అమ్మేసిన ఇంట్లో వచ్చే ఏడాది మళ్లీ దూడను తెస్తామంటున్నారు. ముందు అలసంద మొలవాలి అని అమ్మ షరతు పెట్టింది.